నల్గొండ చెలకలో కేల్: చలికాలం నాలుగు నెలల పంట

ముందు గింజ ఎప్పుడు వేయాలో చెప్తాను. అది తప్పితే తర్వాత ఎంత కష్టపడ్డా లాభం లేదు. మన నల్గొండ, దేవరకొండ, పాలమూరు వైపు కేల్ అనే ఈ క్యాబేజీ జాతి ఆకుకూర నారు పోయాల్సింది హస్త కార్తె చివర్లోగానీ, చిత్త కార్తెలోగానీ. అంటే అక్టోబరు మొదటి మూడు వారాలు. దీనికి 15 నుంచి 21 డిగ్రీల చల్లదనం ఇష్టం. ఎండ ముదిరితే ఆకు గట్టిపడి చేదెక్కుతుంది. మనకు ఆ చల్లదనం దొరికేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే, అదీ రాత్రిళ్లు, పొద్దున పూట. ఏడాదంతా పండించుకోవచ్చని విత్తనాల ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. అది చలిదేశాల లెక్క. మనం నాలుగు నెలల పంటగానే చూసుకోవాలి.

ఇన్ని ఆకుకూరలుండగా ఇదెందుకని మా ఊళ్లో అడుగుతుంటారు. నేను దీన్ని మొదలుపెట్టింది మా అత్తమ్మ కోసం. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లే తాగింది, అందుకే నడుము వంగదు, మెడ తిరగదు. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారంటే ఇక్కడి బాధ ఎంతదో తెలుస్తుంది. ఫ్లోరైడ్ ఉన్నచోట క్యాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి తినాలని డాక్టర్లు చెప్తారు. పాలకూర, తోటకూరల్లోనూ క్యాల్షియం ఉంటుంది, కానీ వాటిలోని ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి సరిగా అందనీయవు. కేల్‌లో ఆక్సలేట్లు తక్కువ. 1990లో అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో పాలలోని క్యాల్షియం కన్నా కేల్‌లోదే కొంచెం ఎక్కువ శాతం ఒంటికి పట్టిందని తేలింది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఏ ఆకూ ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను కడిగేయదు. మొదట తాగే నీళ్లు మార్చాలి, ఆ తర్వాతే ఈ కూర.

ఇది కొత్త మొక్కేమీ కాదు. క్యాబేజీ, గోబీపువ్వు, నూల్‌కోల్, బ్రకోలీ అన్నీ ఒకే జాతి. అందులో గడ్డ కట్టకుండా ఆకులు విడివిడిగా పెరిగే పాత రకం కేల్. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల గ్రీకులు, రోమన్ల కాలంలోనే పెంచేవారు. స్కాట్లాండ్‌లో పేదల ఇళ్ల పక్కనుండే పెరటి మడుల్లో ఇదే ముఖ్యమైన కూర. రెండో ప్రపంచయుద్ధంలో తిండికి కటకటగా ఉన్నప్పుడు బ్రిటన్ ప్రభుత్వం జనాన్ని ఇళ్ల దగ్గర కూరగాయలు పండించమంది. అప్పుడు పెరళ్లలో పెంచిన వాటిలో ఇదీ ఉంది. మన కశ్మీర్‌లో రోజూ అన్నంలోకి వండుకునే హాక్ కూడా దీనికి దగ్గరి చుట్టమే. వాళ్లు ఆవనూనె, ఎండుమిరపకాయలు వేసి పులుసు పలచగా ఉడికిస్తారు. అందుకే దీన్ని పచ్చిగా నమిలే సలాడ్ ఆకుగా కాకుండా ఉడికించుకునే కూరగా చూడమని నా మాట.

రకాల్లో ముడతల ఆకుది చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ ముడతల్లో పేనుబంక దూరితే కడిగి కడిగి చేతులు నొప్పి పుడతాయి. టస్కన్ రకం ఆకు పొడుగ్గా, ముదురు రంగులో ఉంటుంది. ఎండను కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, వండితే మెత్తబడుతుంది. మనకు అదే మేలు.

ప్రోట్రేలో (నారు పెంచే గుంటల ట్రేలో) కొబ్బరిపీచు పొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపి, గింజను అర సెంటీమీటరు లోతున పెట్టండి. వారంలోపే మొలుస్తుంది. పైన దోమతెర కప్పితే చాలావరకు పురుగు ఆగుతుంది. నాలుగు వారాలకు నాలుగైదు ఆకులొస్తాయి, అప్పుడు సాయంత్రం పూట నాటాలి. మొక్కకూ మొక్కకూ మూరెడు ఎడం ఉండాలి. కిందటేడు క్యాబేజీగానీ గోబీగానీ వేసిన మడిలో నాటొద్దు, ఆ తెగుళ్లే దీనికీ వస్తాయి.

మాది ఎర్ర చెలక. నీళ్లు పోస్తే నిలవవు, బలమూ తక్కువే. అందుకే దుక్కిలో బాగా మాగిన పశువుల పెంట ఎంత వేస్తే అంత మంచిది. పచ్చి పెంట వేస్తే వేరుపురుగు వస్తుంది. మడి ఎక్కడ వేస్తామన్నది కూడా చూసుకోవాలి. మా మడులు లేత బత్తాయి చెట్ల వరుసకు తూర్పున ఉన్నాయి. పొద్దున ఎండ పూర్తిగా తగులుతుంది, మధ్యాహ్నం దాటాక చెట్టు నీడ పడుతుంది. బత్తాయి లేనివాళ్లు మునగనో కంది సాలునో పడమటి పక్కన ఉండేట్టు చూసుకోండి. నాటాక మొదళ్ల చుట్టూ పల్లి పొట్టుగానీ వరిగడ్డిగానీ పరిస్తే తడి ఆరదు. డ్రిప్ ఉంటే రోజు విడిచి రోజు కాసేపు వదిలితే చాలు. పదిహేను రోజులకోసారి మొక్క మొదట్లో జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టిన ద్రవం) పోస్తాను. ఆకు తినే పంట కదా, యూరియా ఎక్కువైతే లేతగా పెరిగి పేనుబంకను పిలుస్తుంది.

అసలు శత్రువు డైమండ్ రెక్కల పురుగు. ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుని దారం పట్టుకు వేలాడే చిన్న పచ్చ పురుగు, ఆకును జల్లెడ చేస్తుంది. దీనికి ఆవాలు మంచి ఎర. క్యాబేజీ రైతులు ఇరవై అయిదు సాళ్లకు రెండు సాళ్ల ఆవాలు వేస్తారు, ఒకటి నాటడానికి పదిహేను రోజుల ముందు, రెండోది నాటిన ఇరవై అయిదు రోజులకు. పెరట్లో అయితే మడి చుట్టూ చల్లినా సరిపోతుంది. తల్లి పురుగు గుడ్లు పెట్టడానికి ముందు ఆవాల మీదికే పోతుంది, మందు ఎక్కువగా అక్కడే కొడితే చాలు. మందంటే వేపగింజల కషాయం. అరకిలో గింజల పప్పు దంచి పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. కేల్ ఆకు మీద మైనం లాంటి పూత ఉంటుంది, నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి. కాబట్టి కషాయంలో కుంకుడురసం కలపకపోతే అంతా నేలపాలే. సాయంత్రం, ఆకు వెనకవైపు తడిసేలా కొట్టాలి. అయినా ఆగకపోతే లీటరుకు 1 గ్రాము బీటీ పొడి (పురుగులను చంపే బ్యాక్టీరియా మందు) కలిపి కొట్టొచ్చు.

నాటిన ఆరేడు వారాలకు కోత మొదలు. కింది ఆకులు తెంపుతూ పోవాలి, పైన అయిదారు ఆకులు వదిలేయాలి. మొవ్వ జోలికి పోవద్దు. మంచు ఆరకముందే తెంపి తడిబట్టలో చుడితే సాయంత్రం దాకా వాడదు. సంక్రాంతి ముందు వారాల్లో ఆకు రుచి బాగుంటుంది, చలికి తీపెక్కుతుంది.

వండేముందు నడిమి ఈనె తీసేయాలి. ఈనెలు పారేయక్కర్లేదు, సన్నగా తరిగి పులుసులో వేయొచ్చు. మా ఇంట్లో ఎక్కువగా చేసేది వేపుడు. నూనెలో ఎండుమిరపకాయలు, దంచిన ఎల్లిగడ్డ, నానబెట్టిన శనగపప్పు వేగాక సన్నగా తరిగిన ఆకు వేసి, నీళ్లు చిలకరించి మూతపెట్టి అయిదారు నిమిషాలు మగ్గించి, దించేముందు వేయించిన నువ్వుల పొడి చల్లుతాను. ఎక్కువసేపు ఉడికిస్తే విటమిన్ సి పోతుంది. జొన్నరొట్టెలోకి దీని జోడే వేరు. కందిపప్పులో వేసేటప్పుడు మాత్రం పాలకూరలా చివర్లో కాకుండా, పప్పు సగం ఉడకగానే వేయాలి. పులుపుకు చింతపండు వేస్తే అత్తమ్మకు పుంటికూర పప్పంత ఇష్టంగా దిగుతుంది.

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ కూర కొత్తగా మొదలుపెట్టొద్దు, ఉన్నట్టుండి ఎక్కువ చేయనూ వద్దు. ఇందులో విటమిన్ కె చాలా ఎక్కువ, అది ఆ మందు పనిని తగ్గిస్తుంది. థైరాయిడ్ ఉన్నవాళ్లు పచ్చిగా తినకుండా ఉడికించి, మితంగా తినాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, కేల్ కూడా దాంతోనే పోతుంది. ఆకు చేదెక్కగానే నీళ్లు పోస్తూ కూర్చోకుండా మొక్కలు పీకి కంపోస్టు గుంటలో వేసి, ఆ మడిలో పెసలు చల్లుకోండి.