ఒంటిమీది సెన్సర్లకు ఎంత డేటా కావాలి? ఏది ముందు, ఏది వెనక?

వరంగల్ జిల్లా పర్వతగిరి దగ్గర మా ఊళ్లో మా బాపు ఒక్కడే ఉంటాడు. ఆయన ఛాతీకి గుండె బెల్టు, నడుముకు పడిపోతే కబురు పంపే సెన్సర్ పెట్టి, రెండింటినీ ఇంట్లో ఒక చిన్న బాక్సుకు కలిపాను, అది డేటాను నెట్ ద్వారా నా ఫోన్‌కు పంపుతుంది. ఒకరోజు నెట్ పోయినప్పుడు పరీక్ష కోసం నడుము సెన్సర్‌ను మంచం మీద పడేసి చూశాను. నెట్ తిరిగి వచ్చాక కూడా నా ఫోన్‌కు కబురు రావడానికి నలభై సెకన్లు పట్టింది. అప్పటిదాకా పేరుకున్న గుండె డేటా వరుసలో ముందుంది, ఈ చిన్న కబురు దాని వెనకాల ఆగింది. అందుకే ఏ పరికరమైనా కొనే ముందే, కలిపే ముందే, వాటిని ఇలా విడదీసుకోండి.

ముందు లెక్క వేయండి. సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతకు ఎన్ని బిట్లు, ఎన్ని ఛానళ్లు (ఒకేసారి ఎన్ని సంకేతాలు), ఈ మూడింటినీ గుణించాలి. నిమిషానికోసారి జ్వరం చూసే సెన్సర్ కొలతకు 16 బిట్లు పంపితే రోజుకు 2,880 బైట్లే (8 బిట్లు ఒక బైటు). ఒక లీడ్ ఈసీజీ, అంటే ఒక కోణం నుంచి తీసే గుండె గీత, సెకనుకు 250 సార్లు, 12 బిట్లతో కొలిస్తే సెకనుకు 3,000 బిట్లు, రోజుకు సుమారు 32 మెగాబైట్లు. రెండూ ఒకే మనిషి ఒంటిమీదే ఉన్నాయి, తేడా మాత్రం పదకొండు వేల రెట్లు. ఐదు నిమిషాలకోసారి షుగర్ చూసే సెన్సర్‌కు రోజుకు 288 కొలతలు చాలు. ఇయర్‌ఫోన్‌లో పాట మాత్రం సెకనుకు సుమారు మూడు లక్షల బిట్లు తీసుకోగలదు.

ఇక్కడే ఇంకో మాట. బెల్టు గుండె గీతను మొత్తం పంపాలా, లేక తానే లెక్కించి సెకనుకో అంకె పంపితే చాలా? అంకె చాలంటే 3,000 బిట్లు 8కి దిగుతాయి, బ్యాటరీ కూడా ఎక్కువ రోజులు వస్తుంది. డాక్టరు ఆ గుండె గీతను చూడాలంటే మాత్రం మొత్తం పంపాల్సిందే. ఇది డాక్టరునే అడిగి తేల్చుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆలస్యమైతే ఏమవుతుంది? నేను తప్పు చేసింది ఇక్కడే. పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ ముందు బండ్లు బారులు తీరి ఉంటాయి. బండిలో క్వింటాళ్ల కొద్దీ సరుకు ఉన్నా అది గంటసేపు ఆగగలదు. ఎంజీఎం ఆసుపత్రి వైపు వెళ్లే 108లో ఉండేది ఒక్క మనిషే, అయినా అది ఆగకూడదు. డేటా కూడా అంతే. పడిపోయిన కబురు నాలుగు బైట్లే కావచ్చు, దానికి దారి వదలాలి. కాబట్టి కాగితం మీద ఒక్కో సెన్సర్ ఎదురుగా రెండు గడులు గీయండి: ఎంత డేటా, ఎంత ఆగగలదు. ఒక గడిని చూసి రెండోదాన్ని ఊహించకండి.

ఒంటి నెట్‌వర్క్‌ల కోసమే 2012లో వచ్చిన, ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ వారి 802.15.6 ప్రమాణం కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. అందులో 0 నుంచి 7 దాకా ప్రాధాన్యతలు ఉన్నాయి, అత్యవసర వైద్య కబురుది 7. మీ కాగితం మీద ఎనిమిది అవసరం లేదు, మూడు చాలు: వెంటనే, కాసేపట్లో, రాత్రికి. పడిపోవడం మొదటిది, గుండె అంకె రెండోది, జ్వరం, అడుగుల లెక్క మూడోది.

రేడియో ఎంపిక ఆ తర్వాతే. తక్కువ కరెంటుతో నడిచే రేడియోల్లో జిగ్బీ సెకనుకు 2,50,000 బిట్ల దాకా, బ్లూటూత్ రకమైన ‘లో-ఎనర్జీ’ పేరుకు పది లక్షలు, కొత్తవైతే ఇరవై లక్షల దాకా పంపగలవు. పైన చెప్పిన ఈసీజీకి ఏదైనా ఎక్కువే. జ్వరం సెన్సర్‌కు వైఫై పెట్టి రోజూ ఛార్జింగ్ టెన్షన్ పడకండి. ఒంట్లో అమర్చే పరికరాలకు వేరే బ్యాండ్ ఉంది, 402 నుంచి 405 మెగాహెర్ట్జ్. అది డాక్టర్ల పని.

చివరగా పరీక్ష. బ్లూటూత్, జిగ్బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మన ఒళ్లు బాగా అడ్డుకుంటుంది. బాక్సు బదులు ఫోన్‌కే కలిపితే, సెన్సర్ ఎడమ నడుముకు ఉన్నప్పుడు ఫోన్ కుడి జేబులో పెట్టి చూడండి. తర్వాత నెట్ పది నిమిషాలు ఆపండి, ఆ మధ్యలో సెన్సర్‌ను పడేయండి. నెట్ మళ్లీ పెట్టిన క్షణం నుంచి గడియారం చూడండి. బాక్సులో వరుస మార్చాక మా బాపు కబురు, ఫోన్ చేతిలోకి తీసుకునేలోపే వచ్చింది.