ఎండను తగ్గించే కుట్ర మీద థ్రిల్లర్ రాయాలంటే

ఆకాశంలో గంధకం చల్లితే ఆ పొర కొంత ఎండని వెనక్కి కొట్టి భూమిని చల్లబరుస్తుంది. దీని మీద అల్లే కుట్ర కథ చాలాసార్లు మొదటి అధ్యాయంలోనే కూలిపోతుంది. విమానం వెనక తెల్లటి గీత, దాన్ని చూసి హీరోకి అనుమానం. తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఆ గీత ఉత్త మంచు కణాలు. ప్రయాణికుల విమానాలు తిరిగే 10–12 కిలోమీటర్ల ఎత్తులో, అదీ ఉష్ణమండలంలో, గంధకం వదిలితే రోజుల్లో, మహా అయితే వారాల్లో వానతో దిగిపోతుంది. ఏడాది అటూఇటూగా పైన నిలవాలంటే వానలకి అందని పైపొర స్ట్రాటోస్ఫియర్‌కి, అంటే దాదాపు 20 కిలోమీటర్లకి చేర్చాలి. అంత ఎత్తుకి పెద్ద బరువులు మోసే విమానాల దండు ఇవాళ ఎవరి దగ్గరా లేదు. కాబట్టి కథని ఆకాశంలో కాదు, విమానాల ఆర్డరు కాగితాల దగ్గర మొదలుపెట్టండి.

తర్వాత లెక్క. 1991లో పినటూబో అగ్నిపర్వతం సుమారు కోటిన్నర టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ చిమ్మితే భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది, రెండు మూడేళ్లలో మళ్లీ మామూలైంది. పైన పరుచుకున్న ఆ గంధకపు పొరని ఉపగ్రహాలు కొలిచాయి కూడా. ప్రపంచాన్ని చల్లబరిచే స్థాయి పిచికారీని ఎవరూ దాచలేరన్నమాట. అది బహిరంగంగానే జరగనివ్వండి. దాచాల్సింది, దాన్ని ఆపే అధికారం ఎవరికుందో రాసిన ఒప్పందం. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతూనే ఉంటుంది కదా, పిచికారీ ఆగిందంటే అణిచిపెట్టిన వేడంతా కొన్నేళ్లలోనే మీద పడుతుంది. విలన్‌కి బాంబులక్కర్లేదు. "రేపట్నుంచి విమానాలు లేవవు" అంటే చాలు.

ఉత్తరార్ధగోళంలో మాత్రమే చల్లితే వానల పట్టీ దక్షిణానికి జరిగి, ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతం ఎండే ప్రమాదం ఉంది. ఒక్క ఏడాది కరువుకి కారణం పిచికారీయా, ఎల్ నినోనా అని కోర్టులో తేల్చడం దాదాపు అసాధ్యం. ఉత్కంఠకి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. చట్టంలోనూ సందుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా, శత్రువు సరఫరాలు సాగే హో చి మిన్ బాట మీద మేఘమథనం (మబ్బుల్లో రసాయనం చల్లి వాన కురిపించడం) చేసిన గొడవ బయటపడ్డాక, 1977లో వాతావరణాన్ని ఆయుధంగా వాడకూడదనే ఎన్‌మాడ్ అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. అది శత్రుత్వంతో చేసే వాడకాన్నే నిషేధిస్తుంది, శాంతియుత వాడకం జోలికి పోదు. విలన్ లాయరు నోట "ఆయుధం" అన్న మాట ఒక్కసారి కూడా రానివ్వకండి. (మన అనంతపురంలో చేసిన మేఘమథనాన్ని ఇందులో కలపొద్దు. దానికి ముందు మబ్బుండాలి, ప్రభావమూ ఆ చుట్టుపక్కలే.)

పిచికారీ బహిరంగం కాకముందు సన్నాహాలు గుట్టుగానే సాగుతాయి. ఆ దశలో ఆధారాలు రసాయనంలోంచి తీయండి. టన్ను గంధకం కాలిస్తే రెండు టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, గంధకాన్నే మోసుకెళ్లి పైన కాల్చడం లాభం. అది సుమారు 115 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 160 దాటితే పాకంలా చిక్కబడి పంపుకి లొంగదు. మీ సిబ్బంది 120–150 మధ్య నిలపాలి. రాత్రి హీటరు పోతే పైపులో గడ్డకడుతుంది, మర్నాడు విమానం లేవదు. అదే మీ మలుపు. రిఫైనరీ నుంచి వచ్చిన కరిగిన గంధకంలో హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి ఉంటుంది, అందుకే ట్యాంకు మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన. మురుగు కాలవే లేని ఎయిర్‌ఫీల్డ్‌లో ఆ వాసన, మెకానిక్ బూట్ల అంచున పసుపు పొడి: హీరోయిన్‌కి ఈ రెండూ చాలు. గంధకం కొనుగోళ్లకి ముసుగు ఎరువుల కంపెనీ. డీఏపీ తయారీకి సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి కాబట్టి నౌక పత్రాల్లో ఎవరికీ తేడా కనపడదు, ఫ్యాక్టరీ గేటు రిజిస్టరులో మాత్రం ఆ గంధకం లారీలు లోపలికొచ్చినట్టు ఉండదు.