లిథియంకు మార్చిన గోల్ఫ్ కార్ట్ మొరాయిస్తుంటే: లక్షణం, కారణం, మరమ్మతు

గోల్ఫ్ కార్ట్‌లో యాసిడ్ బ్యాటరీలు తీసేసి లిథియం పెట్టాక బండి ఆగిపోతే, చాలామంది ముందు కొత్త బ్యాటరీనే తిట్టుకుంటారు. తిప్పి పంపేయడానికి అట్టపెట్టె వెతుకుతారు. తొందరపడకండి. తప్పు ఎక్కువగా బండిలో మిగిలిపోయిన పాత సామానుదే అయి ఉంటుంది: ఛార్జర్, తీగలు, మీటరు, సోలినాయిడ్ (పెడల్ తొక్కగానే బ్యాటరీ కరెంటును మోటారు వైపు కలిపే పెద్ద స్విచ్). యాసిడ్ బ్యాటరీ ఎంత కరెంటు అడిగినా మారు మాట్లాడకుండా ఇచ్చేది కాబట్టి వాటి లోపాలు ఇన్నాళ్లూ బయటపడలేదు. లిథియం బ్యాటరీలో ఉండే బి.ఎం.ఎస్. (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే సెల్స్‌ను కాపలా కాసే సర్క్యూట్) అలా ఊరుకోదు. హద్దు దాటితే కరెంటు ఆపేస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా బాగా వాడుకలో ఉన్న 48 వోల్టుల బండి గురించి. ఎనిమిది వోల్టుల యాసిడ్ బ్యాటరీలు ఆరు తీసేసి, 16 సెల్స్ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి పెట్టారనుకుందాం. దాని నామమాత్రపు వోల్టేజి 51.2, పూర్తి ఛార్జి వోల్టేజి 58.4. అమెరికా జార్జియా రాష్ట్రంలోని పీచ్‌ట్రీ సిటీ లాంటి ఊళ్లలో ఇలాంటి బండ్లు ఆట మైదానం దాటి రోజువారీ పనులకూ తిరుగుతాయి. మన దగ్గర రిసార్టుల్లో, పెద్ద క్యాంపస్‌లలో తిరిగే బ్యాటరీ బండ్లలోనూ యాసిడ్ తీసి లిథియం పెడితే దాదాపు ఇవే తంటాలు.

స్పానర్ పట్టుకునే ముందు ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. సీటు కింద టో (బండిని లాక్కెళ్లడానికి), రన్ (నడపడానికి) అని ఉండే స్విచ్ ఉంటే టో వైపు వేయండి. ఏది విప్పాలన్నా మొదట బ్యాటరీ నెగటివ్ తీగనే విప్పండి. పెడల్ తొక్కి చూడాల్సిన పరీక్షలకు ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక చక్రాలను జాకీతో లేపి, చాసిస్‌ను స్టాండ్ల మీద నిలపండి. జాకీని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇక మీకు కావలసింది మల్టీమీటర్.

తాళం తిప్పి పెడల్ తొక్కినా ఉలుకూ పలుకూ లేదు

బ్యాటరీ పోస్టుల మీదే వోల్టేజి కొలవండి. సున్నా గానీ, అర్థంపర్థం లేని నాలుగైదు వోల్టులు గానీ చూపిస్తే బి.ఎం.ఎస్. నిద్రలో ఉంది, లేదా ఏదో కారణంతో ఆపేసింది. బ్యాటరీ మీద బటన్ ఉంటే నొక్కండి, లేకపోతే లిథియం ఛార్జర్ తగిలించండి. సాధారణంగా మేలుకుంటుంది.

పోస్టుల దగ్గర 52, 53 వోల్టులు ఉన్నా బండి కదలకపోతే సోలినాయిడ్ ‘టక్’మంటుందేమో వినండి. శబ్దం లేకపోతే టో స్విచ్, తాళం స్విచ్, పెడల్ దగ్గరి చిన్న స్విచ్ వరుసగా చూడండి. పాత బ్యాటరీల పోస్టులకు పెద్ద తీగలతో పాటు ఒకటి రెండు సన్న తీగలు కూడా బిగించి ఉంటాయి. సామాను తీసేటప్పుడు అవి కింద పడి, ట్రేలో ఒక మూల దాక్కుంటాయి. కొత్తగా మార్చిన బండ్లలో నేను ముందు వెతికేది వాటినే. శబ్దం వస్తున్నా బండి కదలకపోతే, పెడల్ తొక్కి ఉంచి సోలినాయిడ్ పెద్ద పోస్టులు రెండింటి మధ్య కొలవండి. సున్నాకు దగ్గరగా రావాలి. బ్యాటరీ వోల్టేజి మొత్తం అక్కడే కనిపిస్తే లోపలి కాంటాక్టులు మాడిపోయాయి, సోలినాయిడ్ మార్చాల్సిందే.

పెడల్ తొక్కిన క్షణంలోనే బ్యాటరీ ఆగిపోతుంది

మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసుకునే కంట్రోలర్ లోపల, ఛార్జిని కాసేపు నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. అవి ఖాళీగా ఉన్నప్పుడు సోలినాయిడ్ ఒక్కసారిగా కలిస్తే, కన్ను మూసి తెరిచేలోగా వందల ఆంపియర్లు గుంజుతాయి. బి.ఎం.ఎస్.కు అది షార్ట్ సర్క్యూట్‌లా కనిపిస్తుంది. ఇలా జరగకూడదనే చాలా బండ్లలో సోలినాయిడ్ పెద్ద పోస్టుల మధ్య ఒక రెసిస్టర్ పెడతారు. దాదాపు 250 ఓమ్‌లది, సున్నపుముక్క రంగులోనో బంగారు రంగులోనో ఉంటుంది. దాని గుండా 0.2 ఆంపియర్ మెల్లగా పారి కెపాసిటర్లను ముందే నింపుతుంది.

పరీక్ష తేలిక. తాళం తిప్పి ఆన్‌లో ఉంచి, పెడల్ తొక్కకుండా, బ్యాటరీ నెగటివ్‌కూ సోలినాయిడ్ కంట్రోలర్ వైపు పోస్టుకూ మధ్య కొలవండి. బ్యాటరీ వోల్టేజికి కొంచెం తక్కువగా చూపిస్తే రెసిస్టర్ పనిచేస్తోంది. సున్నా అయితే అది తెగిపోయింది, లేదా అసలు పెట్టలేదు. కొన్ని కంట్రోలర్లు ఈ పని లోపలే చూసుకుంటాయి కాబట్టి కొత్తది పెట్టే ముందు బండి వైరింగ్ పటం చూడండి.

చదును రోడ్డు మీద బాగానే పోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతుంది

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. దీని మూలం కొనేటప్పుడే ఉంటుంది. అందరూ ఎన్ని ఆంపియర్ అవర్లని (మొత్తం ఎంత నిలవ ఉంటుందని) అడుగుతారు, ఒక్కసారిగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదని అడగరు. వంద ఆంపియర్ల బి.ఎం.ఎస్. ఉంటే ఆ బ్యాటరీ నిలకడగా ఇవ్వగలిగేది ఐదు కిలోవాట్లు. నలుగురిని ఎక్కించుకుని ఎత్తు మీదికి పోయే బండి రెండు వందల ఆంపియర్లు దాటి అడగడం మామూలే. కంట్రోలర్ మీద 300 అనో 400 అనో రాసి ఉంటే, బ్యాటరీ గరిష్ఠ పరిమితి దానికి సరిపోతుందో లేదో పోల్చి చూడండి.

సరిపోకపోతే దారులు మూడు. ఎక్కువ కరెంటు ఇచ్చే బ్యాటరీ తీసుకోవడం ఒకటి. తయారీదారు అనుమతిస్తే అలాంటిదే ఇంకొకటి పక్కన సమాంతరంగా కలపడం రెండోది. కలిపే ముందు రెండింటినీ విడివిడిగా పూర్తిగా ఛార్జి చేసి వోల్టేజి సమానం చేయాలి, లేకపోతే ఒకటి రెండోదానిలోకి ఎగబడుతుంది. కంట్రోలర్‌లో సెట్టింగులు మార్చే వీలుంటే కరెంటు పరిమితి తగ్గించుకోవడం మూడోది. బండి కాస్త మందగిస్తుంది గానీ ఇంటికి చేరుస్తుంది.

అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు తీగలను అనుమానించండి. రోడ్డు మీద బరువుతో ఎక్కుతున్నప్పుడు, పక్కన కూర్చున్నవారు మీటరు పట్టుకుని బ్యాటరీ పోస్టుల దగ్గర ఒకసారి, కంట్రోలర్ దగ్గర ఒకసారి కొలవాలి. అక్కడ 51, ఇక్కడ 47 వస్తే నాలుగు వోల్టులు దారిలో కరిగిపోతున్నాయన్నమాట. 200 ఆంపియర్ల దగ్గర అది 800 వాట్ల వేడి. బండి ఆపాక, కరెంటు తీసేసి, జాయింట్ల దగ్గర చెయ్యి జాగ్రత్తగా పెట్టి చూడండి. చురుక్కుమన్న చోటే లోపం ఉంది.

అక్కడ నట్టు విప్పితే చాలాసార్లు కనిపించేది ఇది: పోస్టుకూ తీగ లగ్గుకూ (తీగ చివర కన్నం ఉన్న లోహపు కొసకూ) మధ్య స్టీలు వాషరు. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, కానీ స్టీలు గుండా కరెంటు సరిగ్గా పారదు, వాషరు నీలంగా కమిలిపోతుంది. లగ్గు పోస్టు మీద నేరుగా ఆనాలి, వాషరు లగ్గు పైన రావాలి. పాత తీగల చివర్లలో యాసిడ్ పట్టిన పచ్చని చిలుము ఉంటే గీకుతూ కూర్చోవద్దు, ఇన్సులేషన్ లోపలిదాకా పాకి ఉంటుంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు కొత్తవి వేయించండి.

నిండా ఛార్జి ఉన్నప్పుడు పల్లం దిగుతుంటే బండి ఒక్కసారిగా ఆగిపోతుంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దిగేటప్పుడు మోటారే జనరేటరై, బండిని నిదానింపజేస్తూ కరెంటును బ్యాటరీలోకి తిప్పి పంపే బండ్లలో ఇది వస్తుంది. బ్యాటరీలో చోటు లేకపోతే ఏదో ఒక సెల్ 3.65 వోల్టులు దాటుతుంది, బి.ఎం.ఎస్. తలుపు మూసేస్తుంది. ఎటూ పోలేని కరెంటుతో వోల్టేజి ఎగిరి కంట్రోలర్ కూడా ఆగిపోతుంది. దాంతో మోటారు ఇచ్చే బ్రేకు మాయం. విద్యుత్ పార్కింగ్ బ్రేకు ఉన్న బండ్లలో చక్రాలు ఉన్నపళాన బిగుసుకోవచ్చు.

ఇల్లు గుట్ట మీద ఉంటే ఛార్జింగును 90 శాతం దగ్గర ఆపుకోండి. తిరుగు కరెంటును ఎంతవరకు తీసుకుంటుందో బ్యాటరీ అమ్మినవారిని కాగితం మీద అడగండి. కాలి బ్రేకు షూలు అరిగి ఉంటే లిథియం సంగతి పక్కన పెట్టి ముందు వాటిని మార్చండి.

మీటరు నిండుగా చూపిస్తూనే బండి దారిలో ఆగిపోతుంది

పాత మీటరు వోల్టేజి చూసి ఛార్జి లెక్క కడుతుంది. యాసిడ్ బ్యాటరీకి ఆ లెక్క పనికొచ్చేది. లిథియం బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు దాదాపు 53.5 వోల్టులు, ఐదో వంతు మిగిలినప్పుడు దాదాపు 51. ఆ రెండున్నర వోల్టుల తేడా పాత మీటరుకు ఆనదు. షంట్‌తో (కరెంటును కొలవడానికి నెగటివ్ తీగ దారిలో పెట్టే లోహపు పట్టీతో) వచ్చి లోపలికీ బయటికీ పోయిన ఆంపియర్లను లెక్కపెట్టే మీటరు పెట్టుకోండి. నెగటివ్ తీగలన్నీ షంట్ అవతలి వైపు నుంచే రావాలి. ఒక్కటి పక్కదారిన బ్యాటరీకి చేరినా లెక్క తప్పుతుంది.

ఛార్జర్ మొదలుకాదు, లేదా మధ్యలో ఆగుతుంది

పాత ఛార్జర్ అయితే పక్కన పడేయండి. కొన్ని పాత ఛార్జర్లు అవతల వోల్టేజి కనిపిస్తేనే మొదలవుతాయి, నిద్రపోతున్న బ్యాటరీని లేపలేవు. మొదలైనవి చివర్లో 58.4 దాటి పోవచ్చు. పాత క్లబ్ కార్ 48 వోల్టుల బండ్లలో ఛార్జింగును బండిలోని కంప్యూటరే నడిపిస్తుంది, లిథియం పెట్టినప్పుడు దాన్ని దారి నుంచి తప్పించాలి. సరైన ఛార్జరే ఉండీ మధ్యలో ఆగుతుంటే బ్యాటరీ యాప్‌లో సెల్ వోల్టేజిలు చూడండి. ఒక సెల్ ముందే 3.65 చేరి, మిగతావి 3.4 దగ్గర ఉంటే సమతుల్యం లేదు. ఛార్జర్‌ను రాత్రంతా తగిలించి ఉంచితే క్రమంగా సర్దుకుంటుంది, వారం తర్వాత కూడా అదే సెల్ తప్పిపోతుంటే వారంటీ అడగాలి. సున్నా డిగ్రీల కింద చలిలో ఛార్జింగు ఆగడం మాత్రం లోపం కాదు, అది ఆగి తీరాలి.

హెడ్‌లైట్లు వెలగవు, లేదా ఫ్యూజులు పోతున్నాయి

పాత బండిలో లైట్లకు, హారన్‌కు ఒకటి రెండు బ్యాటరీల నుంచి కరెంటు లాగి ఉంటారు. ఇప్పుడు బ్యాటరీ ఒక్కటే కాబట్టి 48 నుంచి 12 వోల్టులకు తగ్గించే కన్వర్టర్ కావాలి, అది లోపలికి 60 వోల్టుల దాకా తట్టుకోవాలి. నాలుగు 12 వోల్టుల లిథియం బ్యాటరీలు వరుసగా పెట్టుకున్నవారు కూడా ఒకదాని నుంచే లైట్లకు లాగకూడదు. అది మిగతా మూడింటి కన్నా ముందే ఖాళీ అయి, బండినంతా ఆపేస్తుంది.

వారం నిలబెడితే ఛార్జి దిగిపోతుంది

కన్వర్టర్, యు.ఎస్.బి. సాకెట్, ట్రాకర్, కంట్రోలర్ ఇవన్నీ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. కన్వర్టర్‌ను తాళం స్విచ్ వెనక కలపండి. సెలవుల్లో నెల దాటి వదిలి వెళ్తుంటే సగం ఛార్జి దగ్గర ఆపి, టో వైపు వేసి, నెగటివ్ తీగ విప్పేసి వెళ్లండి.