గొంతుక్కూర్చుంటే మడమలు లేస్తున్నాయా? ముందు చీలమండ కొలవండి

స్క్వాట్‌లో, అంటే గొంతుక్కూర్చోవడానికి కిందికి దిగుతుంటే మడమలు లేస్తాయి. కొందరికి వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. కొందరికి నడుము ముందుకు వంగిపోతుంది, లేదంటే మోకాళ్లు లోపలికి వచ్చేస్తాయి. ఇండియన్ టాయిలెట్ దగ్గర గోడ పట్టుకోకుండా కూర్చోలేని వాళ్లూ ఉన్నారు. ఫిజియోథెరపీ నా పని కాబట్టి వీళ్లందరినీ రోజూ చూస్తుంటాను. చాలామంది అప్పటికే నెలల తరబడి తుంటికి, తొడ వెనక కండరాలకు స్ట్రెచ్‌లు చేసి విసిగిపోయి వస్తారు. చీలమండ ఎంత వంగుతోందో మాత్రం ఒక్కరూ కొలిచి ఉండరు. నిమిషం కూడా పట్టని పని అది.

ముందు ఈ కొలత

చెప్పులు విప్పి గోడకు ఎదురుగా నిలబడండి. ఒక కాలి బొటనవేలు గోడకు ఆనించి, మడమ నేల విడవకుండా మోకాలితో గోడను తాకండి. తాకితే పాదాన్ని కొంచెం వెనక్కి జరిపి మళ్లీ చేయండి. మడమ లేవకుండా మోకాలు అందే ఆఖరి చోట ఆగి, బొటనవేలికీ గోడకూ మధ్య దూరం స్కేలుతో కొలవండి. 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ వస్తే సాధారణంగా చాలు. 5 దగ్గరే ఆగిపోతే ఇంకెక్కడా వెతకకండి. రెండు కాళ్లూ కొలవాలి. ఒకదానికి 2 సెంటీమీటర్లు తక్కువ వచ్చినా పట్టించుకోవాలి.

ఒక్క జాగ్రత్త. మోకాలు పాదం రెండో వేలి మీదుగా వెళ్లాలి. లోపలికి వాల్చి తాకిస్తే అరికాలి వంపు నేలకు అణిగి, లేని కొలత వచ్చినట్టు కనబడుతుంది.

స్కేలు లేకపోతే మడమల కింద రెండు వేళ్ల మందం పుస్తకాలు పెట్టి కూర్చుని చూడండి. హాయిగా దిగిపోతే అడ్డు చాలావరకు చీలమండలోనే ఉంది. వెయిట్‌లిఫ్టింగ్ బూట్లకు మడమ ఎత్తుగా చేసేది కూడా ఇందుకే.

నాలుగు బాధలకూ ఒకటే మూలం

నీళ్ల బిందె ఒక చంకన ఎత్తుకుంటే ఒళ్లు దానంతటదే రెండో పక్కకు వాలుతుంది. బరువు పాదాల మధ్యలో పడకపోతే పడిపోతాం కాబట్టి. స్క్వాట్‌లో తుంటి వెనక్కి వెళ్తుంది. దానికి సరితూగాలంటే మోకాళ్లు ముందుకు రావాలి. చీలమండ వంగకపోతే అవి రాలేవు. అప్పుడు శరీరం మడమ లేపుతుంది, లేదా నడుము వంచుతుంది, లేదా పాదాన్ని అణిచి మోకాలిని లోపలికి తోస్తుంది. అదీ కుదరకపోతే వెనక్కి పడతాం.

"మోకాళ్లు కాలివేళ్లు దాటకూడదు" అనే జిమ్ సలహా ఇక్కడ చేటు చేస్తుంది. 2003లో ఫ్రై, స్మిత్, షిల్లింగ్ అనే పరిశోధకులు ఏడుగురి చేత బరువుతో స్క్వాట్ చేయించి, మోకాళ్లకు అడ్డంగా చెక్క పెట్టి చూశారు. మోకాలి మీద టార్క్, అంటే కీలును తిప్పే బలం, 150 నుంచి 117 న్యూటన్ మీటర్లకు తగ్గింది. తుంటి మీద మాత్రం 28 నుంచి 303కు పెరిగింది. మోకాలిని ఆపితే భారం మాయం కాదు, తుంటికీ నడుముకీ పోతుంది.

నన్ను చాలాకాలం మోసం చేసింది

చీలమండ బిగిసిందనగానే అందరూ చేసేది గోడకు చేతులు ఆనించి, వెనక కాలు నిటారుగా పెట్టి పిక్క లాగడం. పిక్కలో రెండు పెద్ద కండరాలున్నాయి. పైది గ్యాస్ట్రోక్నీమియస్. అది మోకాలు దాటి తొడ ఎముకకు అతుక్కుంటుంది, కాబట్టి మోకాలు వంగగానే వదులవుతుంది. స్క్వాట్‌లో మోకాలు వంగే ఉంటుంది కదా, అడ్డుపడేది అది కాదు. కింద ఉన్న సోలియస్ మోకాలు దాటదు, బిగుతు అక్కడుంటుంది. నిటారు కాలితో ఎన్నాళ్లు లాగినా గొంతుక్కూర్చోవడం మారదు.

రెండో దొంగ కండరం కాదు, కీలు. నలభై ఏళ్ల ఒకావిడకు ఆరు వారాలు తుంటి వ్యాయామాలు చేయించాను. ఫలితం సున్నా. ఒకరోజు ఆవిడ చెప్పు సర్దుకోవడానికి వంగితే ఎడమ మడమ ముందే లేవడం కనబడింది. కొలిస్తే కుడికాలికి 11, ఎడమకాలికి 4. అడిగితే అప్పుడు చెప్పింది, ఇరవై ఏళ్ల కింద బస్సు దిగుతూ కాలు మడత పడిందని, చింతపండు ఉప్పు పట్టు వేసుకుంటే వాపు తగ్గిందని. నొప్పి లేదు కాబట్టి చెప్పాలనుకోలేదు. నేను అడగలేదు. ఆ ఆరు వారాలూ నా తప్పే. అప్పటినుంచి నొప్పి ఎక్కడున్నా "ఎప్పుడైనా కాలు బెణికిందా?" అని అడగకుండా ఎవరినీ పంపను.

చీలమండలో టాలస్ అనే ఎముక ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది. మోకాలు ముందుకొచ్చినప్పుడు అది పైనున్న రెండు ఎముకల మధ్య వెనక్కి జారాలి. పాత బెణుకు తర్వాత ఆ జారుడు తగ్గిపోవడం మామూలే.

ఏది ఎలా సరిచేయాలి

గోడ పరీక్ష ఆఖర్లో ఎక్కడ పట్టేస్తోందో చూడండి. పిక్క కింది భాగంలో లాగుతుంటే సోలియస్. మోకాలు వంచే స్ట్రెచ్ చేయండి, 30 సెకన్ల చొప్పున మూడుసార్లు. రోజు మార్చి రోజు మెట్టు అంచున నిలబడి, మోకాళ్లు కాస్త వంచి, మడమలు మెల్లగా కిందికి దించండి, 12 చొప్పున మూడు విడతలు.

చీలమండ ముందువైపు నొక్కుతున్నట్టుంటే కీలు. దానికి పిక్క లాగడం పనికిరాదు, నొక్కుడు పెరుగుతుంది. వెనక గట్టిగా కట్టిన రబ్బరు బ్యాండును చీలమండ ముందు, రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల కింద తగిలించి, అది వెనక్కి లాగుతుండగా మోకాలిని గోడవైపు ఊపండి. ఉదయం సాయంత్రం 15 సార్లు, నొప్పి రానంత వరకే. ఏది చేసినా వెంటనే తలుపు పట్టుకుని గొంతుక్కూర్చోండి, వచ్చిన కదలికను వాడితేనే నిలుస్తుంది. వారానికోసారి కొలవండి. ఆవిడకు 4 నుంచి 8కి రావడానికి మూడు నెలలు పట్టింది.

కొలత 10 ఉండీ ఇబ్బంది పడుతుంటే తొడ ఎముకలు పొడుగై ఉండొచ్చు. పాదాలు వెడల్పుగా, వేళ్లు కాస్త బయటికి పెడితే చాలామందికి సర్దుకుంటుంది. చీలమండ దగ్గర ఎముక పెరగడం, పుట్టుకతో ఎముకలు అతుక్కుని ఉండటం కూడా అప్పుడప్పుడు కదలికను ఆపుతాయి, ఎక్స్‌రేలో చాలావరకు తెలుస్తుంది. మడమ వెనక "టప్" మని శబ్దం వచ్చి వేళ్ల మీద లేవలేకపోయినా, ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉన్నా, కొలతలు పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.