జనరేట్ అయిన ఫైల్లో చెయ్యి పెట్టకండి
చిన్న వాలిడేషనే కదా అని ప్రోటోబఫ్ (డేటా ఆకారం రాసిస్తే కోడ్ తయారుచేసే సాధనం) జనరేట్ చేసిన గో భాష ఫైల్లో రెండు లైన్లు రాసేస్తే, దాని కంపైలర్ ప్రోటోసీ మళ్లీ రన్ చేసిన రోజు అవి చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. ఫైల్ మొదట్లోనే ‘డు నాట్ ఎడిట్’ అని ఉంటుంది, చదివేదెవరు! అదే ప్యాకేజీలో ఇంకో ఫైల్ తెరిచి జనరేట్ అయిన స్ట్రక్ట్‌కే (డేటా టైప్‌కే) మెథడ్ రాయండి. వేరే ప్యాకేజీ నుంచి కుదరదు. పేరు ‘గెట్’తో మొదలుపెట్టకపోతే మేలు, ఫీల్డ్ విలువ తెచ్చే జనరేటెడ్ మెథడ్ (గెటర్) పేరుతో కలిసిపోతే కంపైల్ కాదు.

సీఐలో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్‌ని తనంతట తానే నడిపే వ్యవస్థలో) మళ్లీ జనరేట్ చేయించి, మార్పులు చూపే గిట్ డిఫ్‌ని, తేడా ఉంటే ఫెయిలయ్యేలా ‘ఎగ్జిట్ కోడ్’ ఆప్షన్‌తో నడపండి. ఎవరైనా కెలికి ఉంటే బిల్డ్ ఆగుతుంది. ప్రోటోసీ, గో కోడ్ రాసే దాని ప్లగిన్ వెర్షన్లు అందరి దగ్గరా ఒకటే ఉండాలి. ఆ నంబర్లు ఫైల్ పైన కామెంట్లో పడతాయి, తేడా ఉంటే ఏమీ మార్చకపోయినా డిఫ్ వస్తుంది.