పుల్ బాగానే వస్తోంది, స్నాచ్ ఎందుకు పోతోంది?

వెయిట్‌లిఫ్టింగ్‌లో నేల మీది బార్‌ని ఒకే ఊపులో తలపైకి ఎత్తడం స్నాచ్. అందులో తలపైకి ఎత్తకుండా బార్‌ని పైకి లాగే భాగం వరకే చేస్తే స్నాచ్ పుల్. ఒక స్నాచ్ పుల్, వెంటనే ఒక స్నాచ్. ఇలా జతచేసి చేసేదాన్ని కాంబినేషన్ అంటాం. క్లీన్‌కీ (బార్‌ని నేల నుంచి భుజాల మీదికి తెచ్చే లిఫ్ట్) ఇదే వరస. పుల్‌లో బార్ వెళ్లిన దారినే లిఫ్ట్‌లోనూ పట్టుకోవాలని ఈ జత. అందుకే లిఫ్ట్‌లో ఏ తప్పు కనిపించినా ముందు పుల్‌నే అనుమానించండి.

సమస్య: స్నాచ్‌లో బార్ ముందుకు పోతుంది, దాని వెనకే మీరూ ఒక అడుగు ముందుకు వేస్తారు

ఎక్కువ మంది దగ్గర కారణం బరువే. సిడ్నీ 2000 ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్ 110 కిలోలు. ఉదాహరణకి ఆ అంకెతోనే లెక్క వేద్దాం. పుల్ ఒక్కటే చేస్తే 110 పెట్టినా, ఇంకాస్త పెంచినా తప్పులేదు. కానీ జతలో స్నాచ్ కూడా ఉంది కాబట్టి 75–80 శాతం, అంటే 82.5–88 కిలోలు చాలు. చాలామంది పుల్‌కి తగ్గ బరువు పెట్టేసి స్నాచ్‌ని దేవుడికి వదిలేస్తారు.

బరువు సరిగ్గానే ఉంటే ఫోన్‌ని పక్కన తుంటి ఎత్తులో పెట్టి వీడియో తీయండి. బార్ మోకాలు దాటే క్షణం దగ్గర ఆపి, షూ మడమ చూడండి. దాని కింద కాగితం దూరేంత సందు కనిపించినా బరువు మునివేళ్ల మీదికి వెళ్లిపోయిందన్నమాట. పుల్‌లో ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడ బార్‌ని తలపైన పట్టుకోనక్కర్లేదు. పుల్‌లో మోకాలి కింద 2 సెకన్లు ఆగండి. పాదం మొత్తం నేలకి ఆనిందా, భుజాలు బార్‌కి కాస్త ముందున్నాయా చూసుకుని అప్పుడు లాగండి. ఆ తర్వాతి స్నాచ్ మాత్రం ఆగకుండా చేయాలి. మొదలుపెట్టే ముందు బొటనవేళ్ల ఎదుట చాక్‌తో గీత గీసుకుంటే, గీత దాటారా లేదా ఎవర్నీ అడగక్కర్లేదు.

సమస్య: బార్ లేవకముందే తుంటి లేచిపోతుంది

స్క్వాట్‌లా మరీ కిందికి కూర్చుని మొదలుపెడుతున్నారు. ఆ పొజిషన్ నుంచి కాళ్లు లాగలేవు కాబట్టి తుంటి తనకి అనువైన ఎత్తుకి తనే వెళ్లిపోతుంది. మొదటే రెండు మూడు అంగుళాలు పైన పెట్టుకోండి. పుల్‌లో నేల నుంచి మోకాలి వరకు 3 సెకన్లు తీసుకోండి. వెన్ను వాలు మారకూడదు. అలా రావట్లేదంటే 10 కిలోలు తీసేయండి, నామోషీ ఏమీ లేదు.

సమస్య: పుల్ తర్వాత బార్ కిందికి దూరడం ఆలస్యమవుతుంది

పుల్‌లో బార్‌ని ఛాతీ దాకా తేవాలన్న పట్టుదలే కారణం. మోచేతులు మడిచి లాగడం అలవాటైతే స్నాచ్‌లోనూ పైనే వేలాడుతూ ఉండిపోతారు. భుజాలు ఎగరేసి అక్కడితో పుల్ ఆపేయండి. అప్పటికీ మారకపోతే వరస తిప్పండి: ముందు స్నాచ్, తర్వాత పుల్. నా మటుకు నాకు ఇదే పనిచేసింది.

సమస్య: రెండో రెప్‌కి (రెండోసారి ఎత్తేటప్పుడు) పట్టు జారుతుంది

హుక్ గ్రిప్ (బొటనవేలిని బార్‌కి చుట్టి, దానిపై మిగతా వేళ్లు బిగించే పట్టు) వేశారా? బొటనవేలు నొప్పి కొన్ని వారాలకి తగ్గిపోతుంది. ఒట్టి పుల్స్‌కి స్ట్రాప్స్ (మణికట్టుని బార్‌కి కట్టే పట్టీలు) కట్టుకోవచ్చు. క్లీన్ ఉన్న జతలో మాత్రం వద్దు. లిఫ్ట్ తప్పి మోచేయి మోకాలికి తగిలితే, స్ట్రాప్ చేతిని వదలదు, మణికట్టు విరగొచ్చు. పట్టు చాలకపోతే రెండు రెప్‌ల మధ్య బార్ కింద పెట్టి, మళ్లీ పట్టుకుని లాగండి.