లాప్‌టాప్ తూకం చార్జర్‌తో కలిపి చూడుండ్రి
పాలమూరు నుంచి బెంగళూరు దిక్కు తరచూ పోయేటోళ్లకు ఒక మాట. డబ్బా మీద 1.2 కిలోలని చూసి మురవకుండ్రి. గేమింగ్ రకాల్ల చార్జరే అర కిలో దాటొచ్చు. టైప్-సి నుంచి చార్జింగ్ ఎక్కేదైతే 65 వాట్ల చిన్న చార్జర్ ఒక్కటే ఫోన్‌కు, లాప్‌టాప్‌కు చాలామటుకు సరిపోతది. కానీ టైప్-సి ఉన్న ప్రతిదానికీ అట్ల ఎక్కదు, ‘పవర్ డెలివరీ’ (టైప్-సి నుంచే లాప్‌టాప్ చార్జ్ ఎక్కే ఏర్పాటు) ఉన్నదా అని అడుగుండ్రి.

షాపాయన చెప్పే గంటలు ఇడిసిపెట్టి, బ్యాటరీ వాట్-అవర్లు (బ్యాటరీల ఎంత కరెంటు పడ్తదన్న లెక్క) చూడుండ్రి. 56 ఉంటే, రాసుకునే పనికి గంటకు 8 వాట్-అవర్ల చొప్పున 7 గంటలొస్తది. వీడియో కాల్స్ అయితే అంత రాదు. 100 లోపుంటే విమానంలకూ ఇబ్బంది లేదు.

తెర 14 అంగుళాలు చాలు. అంతకు పెద్దదైతే, బస్సుల ముందాయన సీటు వాల్చిండంటే మూత సగమే తెరుచుకుంటది.